పదిహేనేళ్ల వయసులో ఏవి తినకూడదు? అబ్బాయి సంచిలో నాలుగు ఖాళీ డబ్బాలు దొరికాయి

నీలిమేఘం | సోమవారం, రాత్రి 10:12
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదిహేనేళ్లు. నిన్న ఉతకడానికి వాడి ఆటల సంచి ఖాళీ చేస్తుంటే అడుగున తువ్వాలులో చుట్టిపెట్టిన నాలుగు ఖాళీ డబ్బాలు దొరికాయి. ఎనర్జీ డ్రింకులు. మా ఇంట్లో పుట్టినరోజుకు తప్ప కూల్‌డ్రింకు కూడా కొనం, చిప్స్ కొనం. వాడు ఇవి ఎన్నాళ్ల నుంచి తాగుతున్నాడో నాకు తెలియనే తెలియదు. డబ్బాల కంటే ఆ తువ్వాలులో చుట్టి దాచడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కొన్ని వారాలుగా పొద్దున లేవలేకపోతున్నాడు. ఏమీ తినకుండా బడికి పరుగెత్తుతాడు. సాయంత్రం వచ్చాక చిరాకు, తలనొప్పి. ఎదిగే వయసు కదా అని సరిపెట్టుకున్నాను.

ఇంకా వాడిని ఏమీ అడగలేదు. అడిగే ముందు నాకు స్పష్టత కావాలి. ఈ వయసు పిల్లలు నిజంగా దూరంగా ఉండవలసినవి ఏమిటి? ‘బయటి తిండి మంచిది కాదు’ అన్న మాట వాడు వెయ్యిసార్లు విన్నాడు, ఇక అది చెవికెక్కదు. ఏది ఎందుకు చెడ్డదో తెలిసినవారు చెప్పండి. ఒక జాబితా తయారైతే ఫ్రిజ్ తలుపు మీద అంటిస్తాను.

నిలువుటద్దం | సోమవారం, రాత్రి 10:40
ఇద్దరు మగపిల్లల తండ్రిగా చెబుతున్నానమ్మా. చేతిఖర్చు డబ్బు ఆపేయండి. చేతిలో డబ్బు లేకపోతే సంచిలో డబ్బా ఉండదు. ఈ వయసులో వివరించి చెబితే వాదనకు దిగుతారు తప్ప వినరు. నేను రెండేళ్ల క్రితమే ఆపేశాను, మా ఇంట్లో ఈ సమస్య లేదు.

పోషణ | సోమవారం, రాత్రి 11:25
నీలిమేఘం గారూ, నేను పోషకాహార నిపుణురాలిని. పదమూడేళ్లుగా ఎదిగే పిల్లలతోనే నా పని. మీరు జాబితా అడిగారు, అందులో అన్నిటికన్నా పైన ఉండవలసినది మీకు ఆ సంచిలోనే దొరికింది. దానితోనే మొదలుపెడతాను.

ఎనర్జీ డ్రింకును కూల్‌డ్రింకుల్లో మరో రకంగా చూడకండి. దానిలో చక్కెరతో పాటు కెఫీన్ ఉంది. 250 మిల్లీలీటర్ల చిన్న డబ్బాలో సాధారణంగా 80 మిల్లీగ్రాములు, అర లీటరు డబ్బాలో 160 ఉంటుంది. పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి రోజు మొత్తంలో శరీర బరువు కిలోకు 3 మిల్లీగ్రాముల వరకు ఆందోళన అక్కరలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. 50 కిలోల అబ్బాయికి అది 150. పెద్ద డబ్బా ఒక్కటి తాగితేనే ఆ గీత దాటిపోతుంది. అదే నివేదికలోని మరో సంఖ్య మీకు ఇంకా ముఖ్యం. పడుకునే వేళకు దగ్గరగా తీసుకుంటే కిలోకు 1.4 మిల్లీగ్రాములకే కొందరు పిల్లల నిద్ర చెడుతుంది. మీ అబ్బాయి బరువు 50 కిలోలు అనుకుంటే 70 మిల్లీగ్రాములు. అందుకు చిన్న డబ్బా చాలు.

ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగితే రాత్రి పదకొండింటికి సగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అది తగ్గితే పొద్దున లేవలేడు, లేచినా తినబుద్ధి కాదు, మధ్యాహ్నానికి నీరసం, ఆ నీరసానికి మళ్లీ డబ్బా. మీరు రాసిన చిరాకూ తలనొప్పీ ఈ వలయంలోవే కావచ్చు. కెఫీన్ అలవాటైన ఒంటికి అది అందని రోజున కూడా తల నొస్తుంది. గుండె దడ, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం వెంటనే వైద్యుడికి చూపించండి.

ఇది నా ఒక్కదాని మాట కాదు. పిల్లల ఆహారంలో ఎనర్జీ డ్రింకులకు చోటే లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లో చెప్పింది. లిథువేనియా 2014లో, పోలండ్ 2024లో పద్దెనిమిదేళ్ల లోపు వారికి వీటి అమ్మకాన్ని నిషేధించాయి.

రేపు వాడితో కూర్చున్నప్పుడు డబ్బాల మాటతో మొదలుపెట్టకండి. ‘రాత్రి నిద్ర పడుతోందా నాన్నా’ అని అడగండి.

ముత్యాలవరస | మంగళవారం, ఉదయం 7:05
దంతవైద్యుడిని. చక్కెర వల్ల పళ్లు పుచ్చుతాయని అందరికీ తెలుసు. ఆమ్లం సంగతి అంతగా తెలియదు. పంటి పైపొర ఉన్నచోట పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) సుమారు 5.5 కన్నా తగ్గితే ఆ పొర కరగడం మొదలవుతుంది. కోలా రకాల పీహెచ్ 2.5 ప్రాంతంలో ఉంటుంది. చక్కెర లేని కోలా కూడా ఆమ్లమే, ఆ విషయంలో పెద్ద తేడా లేదు. ఆటగాళ్ల కోసమని అమ్మే పానీయాలు, డబ్బాల్లో వచ్చే పండ్ల రసాలు కూడా ఆమ్లాలే.

ఎంత తాగారు అనే దానికన్నా ఎలా తాగారు అనేది నేను ఎక్కువగా అడుగుతాను. సీసా పక్కన పెట్టుకుని, చదువుకుంటూనో ఆడుకుంటూనో పది నిమిషాలకొక గుక్క చొప్పున రెండు గంటలు తాగే పిల్లలున్నారు. నోటిలోని ఆమ్లాన్ని లాలాజలం సర్దుబాటు చేయడానికి అరగంట అయినా కావాలి. వీళ్లు దానికి ఆ అరగంట ఇవ్వరు. అలాంటి పిల్లల ముందు పళ్ల అంచులు పలచబడి గాజులా అవుతాయి. నోట్లో అద్దం పెట్టి చూస్తే వెలుగు ఆ అంచులోంచి ఇవతలికి వచ్చి బూడిదరంగులో కనిపిస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లల్లో చూశాను. కరిగిన పైపొర మళ్లీ పెరగదు, ఎంత ఖర్చుపెట్టినా మేము అతికించేది కృత్రిమమే.

ఇంకొక మాట. తాగిన వెంటనే బ్రష్ చేసుకోవద్దు. మెత్తబడిన పొర ఇంకా అరుగుతుంది. నీళ్లు పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి.

రెక్కలగుర్రం | మంగళవారం, సాయంత్రం 6:30
నాకు పదహారేళ్లు. ఇక్కడ అందరూ పెద్దవాళ్లే రాస్తున్నారు కాబట్టి మా వైపు నుంచి చెబుతాను.

మేము రుచి కోసం తాగుతామని మీరు అనుకుంటారు. నేను మొదటిసారి తాగినప్పుడు దగ్గు మందులా అనిపించింది. ఆట అయ్యాక అందరూ ఒక్కో డబ్బా తెరిచారు, నేను సంచిలోంచి నీళ్ల సీసా తీస్తే అందరూ నావైపు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ మర్నాడు నేనూ కొన్నాను. తర్వాత పరీక్షలకు తాగాను. రాత్రి రెండింటి దాకా మెలకువగా ఉన్నాను, నిజమే. కానీ ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను, పొద్దున అందులో ఒక్క ముక్క గుర్తులేదు. అప్పటి నుంచి మానేశాను.

రెండోది ఆకలి. మాకు మధ్యాహ్న భోజనం పన్నెండింటికి. ఇల్లు చేరేసరికి ఆరున్నర. నాలుగింటికి కడుపు కాలిపోతుంది. ఆ సమయంలో దగ్గర్లో దొరికేవి ప్యాకెట్లే. ‘తినకు’ అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ నాలుగింటికి ఏం తినాలో ఎవరూ చెప్పరు.

ఆంటీ, ఆ తువ్వాలు గురించి. మిమ్మల్ని మోసం చేయాలని కాదు, మీరు బాధపడతారని దాచి ఉంటాడు. నేను కూడా అందుకే దాచాను.

నీలిమేఘం | మంగళవారం, రాత్రి 9:15
బాబూ, నీ చివరి మాట చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. రాసినందుకు సంతోషం నాన్నా.

తూకంరాయి | మంగళవారం, రాత్రి 10:50
ఈ చర్చ చదివాక ఊరుకోలేకపోయాను. పదకొండేళ్లు ఒక చిరుతిళ్ల కర్మాగారంలో నాణ్యత విభాగంలో పనిచేశాను. అక్కడ కల్తీ జరిగేదని చెప్పబోవడం లేదు, శుభ్రత విషయంలో చాలా కట్టుదిట్టంగా ఉండేవాళ్లం. నేను చెప్పేది వేరు. పిల్లలకు నిగ్రహం లేదని తిట్టే ముందు, ఆ ప్యాకెట్ ఎలా తయారవుతుందో పెద్దలు తెలుసుకోవాలి.

తీపి పెంచుతూ పోతే ఇష్టం కొంతవరకు పెరిగి, ఒక చోట శిఖరానికి చేరి, ఆపైన తగ్గుతుంది. ఆ శిఖరం ఎక్కడుందో మనుషుల చేత రుచి చూపించి, అంకెలు వేయించి పట్టుకుంటారు. ఉప్పుకూ కొవ్వుకూ కూడా ఇదే పద్ధతి. చిప్స్ విరిగే చప్పుడును కొలుస్తారు. నాలుక మీద పడగానే కరిగేలా ఉప్పు పొడిని మరీ సన్నగా చేస్తారు. నోట్లో పెట్టుకోగానే మంచులా కరిగిపోయే ఉబ్బిన చిరుతిళ్లు ఉన్నాయి కదా, వాటిని నమలాల్సిన పనే లేదు కాబట్టి ఎంత తిన్నామో తెలియదు. ఏ ఒక్క రుచీ గట్టిగా నాలుకకు పట్టి విసుగు పుట్టించకుండా మసాలా కలుపుతారు. ఇంత మంది చదువుకున్నవాళ్లు సంవత్సరాలు కష్టపడి ‘ఇంకొకటి తిను’ అని చెప్పే వస్తువును తయారుచేస్తే, పదిహేనేళ్ల పిల్లవాడు ఒంటరిగా దాని ముందు నిలబడి ఓడిపోతున్నాడు. ఇది సమానమైన పోటీ కాదు.

పెద్దలూ ఓడిపోతారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో ఇరవై మంది పెద్దలను నాలుగు వారాలు అక్కడే ఉంచారు. రెండు వారాలు కర్మాగారంలో బాగా ప్రాసెస్ చేసిన ప్యాకెట్ ఆహారం, రెండు వారాలు సహజమైన పదార్థాలతో వండిన ఆహారం. వడ్డించిన రెండిటిలో చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు, కావలసినంత తినమన్నారు. ప్యాకెట్ ఆహారం ఇచ్చిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, త్వరత్వరగా తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు.

ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవడం పిల్లలకు నేర్పండి. పదార్థాల పేర్లు బరువు ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా ఉంటాయి. చక్కెర మొదటి వరసలో కనబడకూడదనుకుంటే దాన్ని నాలుగు పేర్లుగా విడగొడతారు: గ్లూకోజ్ సిరప్, డెక్స్ట్రోస్, ఇన్వర్ట్ షుగర్, పండ్ల రసం గాఢద్రవం. నాలుగూ కలిపితే అదే మొదటిది అవుతుంది. ‘ఒక వడ్డింపుకు’ అని రాసి ఉంటే ప్యాకెట్‌లో అలాంటి వడ్డింపులు ఎన్నో చూడాలి. చేతిలో ఇమిడే ప్యాకెట్‌లో కూడా రెండున్నర ఉండవచ్చు. ఆ అర ముక్కను ఎవరు మిగులుస్తారు?

నిలువుటద్దం | బుధవారం, ఉదయం 6:20
సోమవారం రాత్రి నేను రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. రెక్కలగుర్రం రాసింది చదివి మా పెద్దవాడిని నెమ్మదిగా అడిగాను. స్నేహితుల దగ్గర అప్పు చేసి కొనుక్కునేవాడట. ఆ అప్పు ఇంకా ఉందట. రెండేళ్లుగా సమస్య లేదని నేను అనుకున్నది సమస్య నాకు కనబడకపోవడం మాత్రమే. ముందు ఆ అప్పు తీర్చాను.

వానచినుకు | బుధవారం, మధ్యాహ్నం 2:10
నీలిమేఘం గారూ, ఆ జాబితా ఫ్రిజ్ మీద అంటించకండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లున్నప్పుడు నేను అదే చేశాను. ఎర్ర సిరాతో ‘తినకూడనివి’, పచ్చ సిరాతో ‘తినదగినవి’. మొదట్లో అది జాబితాలో ఉన్నవన్నీ మానేస్తుంటే పొంగిపోయాను, నలుగురికీ చెప్పుకున్నాను. నెల తిరిగేసరికి పచ్చ సిరావి కూడా తగ్గించడం మొదలుపెట్టింది. పళ్లెంలో మెతుకులు ఒక పక్కకు నెట్టేది. భోజనం వేళకు తలనొప్పి అనేది. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది, నెలసరి ఆగిపోయింది. అప్పుడు గాని నాకు కళ్లు తెరుచుకోలేదు. కోలుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు బాగుంది, కానీ ఆ ఎర్ర సిరా అక్షరాలు నాకు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

తిండికి దూరమయ్యే ఆ జబ్బుకు (ఈటింగ్ డిజార్డర్) కారణం ఒక్క ఆ కాగితమే కాదని మాకు చెప్పారు. కానీ కఠినమైన పథ్యాలు, బరువు గురించిన వ్యాఖ్యలు ఈ వయసులో ఆ దారికి నెడతాయని వైద్యురాలు స్పష్టంగా చెప్పారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో తల్లిదండ్రులకు ఇచ్చిన సలహా కూడా అదే: బరువు మాట ఎత్తవద్దు, డైటింగ్‌ను ప్రోత్సహించవద్దు, కలిసి కూర్చుని తినండి. మీ పిల్లలు మగపిల్లలైనా సరే, ఇది ఆడపిల్లలకే వచ్చేది కాదు.

పోషణ | బుధవారం, రాత్రి 9:45
వానచినుకు గారు రాసినది ప్రతి తల్లీ తండ్రీ చదవాలి. నేను కింద రాసేదాన్ని నిషేధాల పట్టికగా కాక, దేని విషయంలో ఎంత పట్టుబట్టాలో తెలుసుకోవడానికి చదవండి.

నేను గట్టిగా పట్టుబట్టేది పానీయాల దగ్గరే. రోజుకు 2000 కేలరీలు తినేవారు విడి చక్కెరను (అంటే విడిగా కలిపిన చక్కెర, తేనెలోనూ పండ్ల రసాల్లోనూ ఉండేది) 50 గ్రాముల లోపు ఉంచుకోవాలని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల లెక్క. అర లీటరు కోలాలోనే సుమారు 53 గ్రాములు ఉంటుంది. పైగా ద్రవ రూపంలో తాగిన చక్కెర తిండితో సమానంగా కడుపు నింపదు, అది తాగిన తర్వాత కూడా భోజనం అంతే తింటారు. డబ్బాలో వచ్చే పండ్ల రసం కూడా ఈ లెక్కలోదే. పండు నమిలి తినమనండి.

తర్వాత ఇన్‌స్టంట్ నూడుల్స్. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అనేది పరిమితి, అంటే 2000 మిల్లీగ్రాముల సోడియం. చాలా రకాల నూడుల్స్‌లో ఒక్క ప్యాకెట్‌లోనే అందులో సగం వచ్చేస్తుంది, దానిలో అధిక భాగం మసాలా పొట్లంలో ఉంటుంది. పొట్లం సగమే వేసి, గుడ్డూ కూరగాయలూ చేర్చి ఎప్పుడైనా తింటే నేను అభ్యంతరపెట్టను. రాత్రి భోజనం స్థానంలో వారానికి నాలుగు రోజులు తింటే మాత్రం ఊరుకోను.

సాసేజ్, సలామీ, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాలు. రోజూ 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. పిల్లలను భయపెట్టడానికి ఈ అంకె వాడకండి, ఒక ముక్క తింటే జబ్బు వస్తుందని దాని అర్థం కాదు. రోజువారీ అలవాటు కాకుండా చూస్తే చాలు. క్రీము బిస్కెట్లు, పఫ్‌లు, కేకుల ప్యాకెట్ మీద ‘పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనె’ అని కనిపిస్తే వెనక్కి పెట్టేయండి, అందులో గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు ఉంటుంది. డెన్మార్క్ 2003లోనే దానికి పరిమితి విధించింది.

నా అసలు బాధ మరొకటి. వీటి వల్ల ఒంట్లోకి ఏం చేరుతోంది అన్నదానికి తోడు ఏం చేరకుండా పోతోంది అన్నది చూడాలి. ఎముకల గట్టిదనంలో సుమారు 90 శాతం ఇరవై ఏళ్ల లోపే సమకూరుతుంది. ఆ కాలంలో పాలూ పెరుగూ ఉండవలసిన చోట కోలా కూర్చుంటే, నలభై ఏళ్లప్పుడు తీర్చుకోగలిగిన బాకీ కాదు అది. నెలసరి మొదలైన ఆడపిల్లలకు ఇనుము మగపిల్లల కన్నా ఎక్కువ కావాలి. చిప్స్‌తో కడుపు నింపుకుని, భోజనంతో పాటు టీ కూడా తాగితే ఉన్న కాస్త ఇనుమూ ఒంటికి పట్టదు.

స్నేహితుడి పుట్టినరోజున కేకు, సెలవు రోజున ఐస్‌క్రీం, వీటి గురించి నాకు ఏ పేచీ లేదు.

కొండగాలి | గురువారం, ఉదయం 8:00
కండలు పెరుగుతాయని మా అబ్బాయి ప్రొటీన్ పొడి వాడతానంటున్నాడు. పదిహేడేళ్లు. ఇవ్వవచ్చా?

పోషణ | గురువారం, ఉదయం 8:35
ఆరోగ్యంగా ఉండి మామూలుగా తినే పిల్లవాడికి అవసరం లేదు. గుడ్లు, పప్పులు, పాలు, చేపలు చాలు. చాలా దేశాల్లో ఈ పొడులను మందుల్లాగా అమ్మకానికి ముందే పరీక్షించరు. వ్యాయామానికి ముందు తీసుకోమనే పొడుల్లో కెఫీన్ బాగా ఎక్కువ ఉంటుంది, వాటిని అసలు వద్దనండి.

సుద్దముక్క | గురువారం, రాత్రి 8:20
నేను ఉపాధ్యాయుడిని. తూకంరాయి గారు చెప్పినదానికి తరగతి గదిలో నాకు దొరికిన సాక్ష్యం చెబుతాను. ఊబకాయం, మధుమేహం అంటూ బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పినప్పుడు నా విద్యార్థులు కిటికీలోంచి బయటికి చూసేవారు. నలభై ఏళ్లకు వచ్చే జబ్బు పద్నాలుగేళ్ల మనసుకు తాకదు. అదే ‘మీ చేత ఇంకొకటి తినిపించడానికి ఈ ప్యాకెట్‌లో ఏమేం చేశారో కనిపెట్టండి’ అన్న రోజున గంట మోగినా లేవలేదు. పిల్లలకు కోపం వచ్చింది. ఆ కోపం మంచిది.

2016లో అమెరికాలో ఎనిమిదో తరగతి విద్యార్థులు 500 మందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధన ఇదే చెప్పింది. కొందరికి ఆరోగ్య పాఠం ఇచ్చారు, మరికొందరికి ఆహార సంస్థలు తమను ఎలా వలలో వేస్తున్నాయో చదవనిచ్చారు. మర్నాడు ఆ రెండో జట్టు పిల్లలు తక్కువ చక్కెర ఉన్న చిరుతిళ్లనూ, నీళ్లనూ ఎక్కువగా ఎంచుకున్నారు. ఎవరో తమను ఆడిస్తున్నారని తెలిస్తే ఈ వయసువాళ్లు సహించరు. మనం చెప్పే మాట వినకపోవడానికీ కారణం అదే కదా.

నీలిమేఘం | ఆదివారం, రాత్రి 9:30
జరిగింది చెబుతాను. పోషణ గారన్నట్టు నిద్ర గురించి అడిగాను. కాసేపు తల దించుకుని, ‘డబ్బాలు చూశావా’ అని వాడే అడిగాడు. చూశానన్నాను. ఆట ఆరున్నరకు ముగుస్తుందట, ఆ నీరసంతో చదవలేక తాగడం మొదలుపెట్టాడట. ఆ తర్వాత రాత్రి ఒంటిగంట దాకా నిద్ర రాదు. రోజుకొకటి చొప్పున నెలన్నర నుంచి.

నిన్న ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. అర లీటరు కోలా సీసాలో ఉన్నంత చక్కెరను వాడి చేతే తూచమన్నాను. చిన్న త్రాసు మీద గిన్నె పెట్టి చెంచాతో పోయడం మొదలుపెట్టాడు. ఎనిమిది చెంచాలయ్యాక ఆగి, ‘ఇంకా ఉందా?’ అన్నాడు. పదమూడు చెంచాలు పట్టింది. ఆ గిన్నెను అటూ ఇటూ వంచుతూ చక్కెర జారడం చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత అలమరలోని ప్యాకెట్లన్నీ తీసి వెనక్కి తిప్పి చదవసాగాడు. పీచు ఎక్కువని, ఆరోగ్యానికి మంచిదని నేను ప్రతి వారం తెచ్చే బిస్కెట్లలో గోధుమపిండి, పామాయిల్ తర్వాత చక్కెర, ఆ కిందే ఇన్వర్ట్ సిరప్. ‘ఇది నువ్వు కొన్నదేనమ్మా’ అన్నాడు. పండ్ల రసం డబ్బా కూడా నేను కొన్నదే. వాడికి జాబితా రాద్దామనుకున్నదాన్ని, సగం వస్తువులు నావే అయ్యాయి. అవి ఇక తేనని చెప్పాను.

ఒకే ఒక్క మార్పుతో మొదలుపెట్టాం. సాయంత్రం నాలుగింటికి తినడానికి సంచిలో రెండు ఉడికించిన గుడ్లు, అరటిపండు, గుప్పెడు వేరుశనగపప్పు. అది రెక్కలగుర్రం పుణ్యమే. ఫ్రిజ్ తలుపు మీద ఏమీ అంటించలేదు.

ముత్యాలవరస | సోమవారం, ఉదయం 7:10
నెలన్నర రోజూ తాగాడంటున్నారు కాబట్టి ఒకసారి పళ్లు చూపించండి. ఇప్పుడైతే పైపొరను కాపాడుకోవచ్చు. కెఫీన్ ఒక్కసారిగా మానితే కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు, కంగారు పడకండి.

నీలిమేఘం | మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 8:55
దంతవైద్యుడికి చూపించాం, పైపొర కొంచెం మెత్తబడింది గాని ఇంకా ప్రమాదం లేదన్నారు. తలనొప్పి నాలుగు రోజులు ఉండి తగ్గింది. రాత్రి పదకొండు లోపే పడుకుంటున్నాడు. పొద్దున తినడం ఇంకా కుదరలేదు, ఒక గ్లాసు పాలతో సరిపెడుతున్నాడు.

ఈ సాయంత్రం ఆట నుంచి వచ్చి, సంచి దించకుండానే ఒక డబ్బా తీసి వంటింటి బల్ల మీద పెట్టాడు. తెరిచి ఉంది, సగం అలాగే ఉంది. ‘అందరూ తాగుతుంటే తీసుకున్నాను. సగం దగ్గర ఆపేశాను’ అన్నాడు. ఏమనాలో నాకు తోచలేదు. ఆకలేస్తోందా అని అడిగాను. వేస్తోందన్నాడు. ఇద్దరం భోజనానికి కూర్చున్నాం, మిగిలిన సగాన్ని వాడే తొట్టిలో పారబోసి వచ్చాడు.